గానం, నిర్బంధం, సహృదయత: చిలీ చరిత్ర ఆధారంగా ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

సంగీతానికి స్వతస్సిద్ధమైన నైతిక విలువ ఉందా, లేక వినియోగించేవారి ఉద్దేశాన్నిబట్టి మంచిచెడులు దానికి సంక్రమిస్తాయా అన్నది కళాతత్త్వ చర్చలో చాలా పాత ప్రశ్న. ప్లేటో తన ఆదర్శరాజ్యంలో కొన్ని స్వరరీతులకు ప్రవేశం నిరాకరించాడు. సంగీతరీతులు మారితే రాజ్యశాసనాలే కదలిపోతాయని తలచాడు. భారతీయ సంప్రదాయం నాదోపాసనను ముక్తిమార్గంగా గౌరవించింది. శిశువులు, పశువులు, సర్పాలు సైతం గానరసాన్ని ఎరుగుతాయన్న సూక్తి తెలుగువారి నోట నేటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఒకటి భయంతో, మరొకటి భక్తితో పుట్టిన ఈ రెండు ధోరణులకూ మూలంలో ఉన్న విశ్వాసం ఒక్కటే: సంగీతానికి మనిషి అంతరంగాన్ని తీర్చిదిద్దే శక్తి ఉంది.

ఈ విశ్వాసాన్ని ఇరవయ్యో శతాబ్ది చరిత్ర కఠినంగా పరీక్షించింది. ఆ పరీక్ష స్పష్టంగా కనిపించే స్పానిష్ భాషా దేశాలలో చిలీ ముఖ్యమైనది. అక్కడ కొద్ది సంవత్సరాల వ్యవధిలో పాట ప్రజోద్యమానికి ఊపిరి పోసింది. గాయకుని ప్రాణానికి ముప్పు తెచ్చింది. చెరలో ఉన్నవారికి ఆసరాగా నిలిచింది. హింసించేవారి చేతిలో సాధనంగానూ మారింది. ఈ నాలుగు స్థితులనూ ఒకేచోట ఉంచి చూస్తే సంగీతపు నైతికతను గురించి ఏమి చెప్పవచ్చునన్నది ప్రస్తుత వ్యాసవిషయం. అలంకారశాస్త్రంలోని సహృదయ భావన ఈ చిక్కును విప్పడానికి తోడ్పడుతుందని ఇక్కడి ప్రతిపాదన.

చారిత్రక నేపథ్యం

చిలీలో ‘నవ్యగీతం’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఉద్యమానికి పునాది వేసినవారిలో వియొలేతా పార్రా అగ్రగణ్యురాలు. 1917లో జన్మించి 1967లో మరణించిన ఆమె పల్లెపల్లెకూ తిరిగి వృద్ధ గాయకుల నుండి జానపద గేయాలను సేకరించింది; ఆ బాణీలలోనే కొత్త గీతాలు రచించింది. ఆమె సంతానమైన ఇసబెల్, అంహెల్ 1965లో రాజధాని సాంతియాగోలో ఒక గానశాలను నెలకొల్పారు. కేనా అనే వేణువు, చరాంగో అనే చిన్న తంత్రీవాద్యం వంటి ఆండీస్ పర్వతప్రాంతపు వాద్యాలు నగర శ్రోతలకు చేరువ కావడానికి ఇటువంటి వేదికలే దోహదం చేశాయి. 1969లో జరిగిన తొలి నవ్యగీతోత్సవంలో, సేద్యగాణ్ణి సంబోధిస్తూ ప్రార్థనరూపంలో సాగే గీతానికి విక్టర్ హారా ప్రథమ బహుమతిని మరొకరితో కలిసి పంచుకున్నాడు. రైతుకూలీల ఇంట పుట్టిన హారా గాయకుడే కాక పేరుపొందిన రంగస్థల దర్శకుడు కూడా.

1970 ఎన్నికలలో సాల్వదోర్ అయ్యెందే నాయకత్వంలోని వామపక్ష కూటమి గెలిచింది. పాటలు లేనిదే విప్లవం లేదన్న భావం ఆనాటి సభావేదికలపై నినాదంగా వెలసింది. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారాన్ని హస్తగతం చేసుకుంది. అయ్యెందే ఆనాడే మరణించాడు. మరునాడు రాష్ట్రీయ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నిర్బంధించిన వందలాది మందితో పాటు హారాను చిలీ స్టేడియానికి తరలించారు. అక్కడ అతణ్ణి గుర్తించి, హింసించి, కొద్దిరోజులలోనే కాల్చి చంపారు. అతని శరీరంలో 40కి పైగా తూటా గాయాలు ఉన్నాయి. స్టేడియంలో అతను రాసిన చివరి కవిత తోటి బందీల ద్వారా బయటికి చేరింది.

ఆ సమయంలో ఐరోపా పర్యటనలో ఉన్న కిలపాయూన్, ఇంతి ఇల్లిమాని బృందాలకు స్వదేశానికి తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. నవ్యగీతాల రికార్డులు ధ్వంసమయ్యాయి. జనరల్ అగుస్తో పినోచెట్ పాలన 1990 వరకూ కొనసాగింది.

మొదటి పూర్వపక్షం: సంగీతం స్వభావతః ఉదాత్తమైనది

సంగీతం మనసును మృదువుగా మారుస్తుందని, అది ఉన్నచోట క్రౌర్యం నిలువదని ఒక వాదం. ఈ వాదానికి చిలీ చరిత్ర ఇచ్చిన సమాధానం నిర్దాక్షిణ్యమైనది. సైనిక పాలనలోని రహస్య పోలీసు విభాగం సాంతియాగో నగరంలో నడిపిన నిర్బంధ గృహాలలో ఒకదానికి ‘డిస్కోథెక్’ అన్న మారుపేరు ఉండేది. అక్కడ ఎడతెగకుండా పెద్ద శబ్దంతో సంగీతం మోగడమే ఆ పేరుకు కారణం. కళ్లకు గంతలు కట్టిన బందీలను, విశేషించి స్త్రీలను, ఆ సంగీతం మధ్యనే చిత్రవధకు గురిచేశారు. రాజకీయ నిర్బంధం, చిత్రహింసలపై ఏర్పడిన జాతీయ విచారణ సంఘం 2004లో నివేదిక సమర్పించి, 27 వేల మందికి పైగా బాధితులను గుర్తించింది. సంగీతం ఆక్రందనలను కప్పిపుచ్చడానికీ, బందీల నిద్రను, కాలస్పృహను చెరపడానికీ ఉపయోగపడిన తీరు బాధితుల వాఙ్మూలాల వల్ల లోకానికి తెలిసింది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటుంది. ఆ గదులలో మోగినవి యుద్ధగీతాలు కానక్కరలేదు. రేడియోలో జనం ఇష్టపడి వినే ప్రణయగీతాలు, నృత్యగీతాలు కూడా ఆ పనికి సరిపోయాయి. కనుక దోషం ఫలానా రాగానిది, ఫలానా సాహిత్యానిది అని చెప్పి తప్పించుకునే వీలు లేదు. శిశువును, పశువును, సర్పాన్ని వశపరచుకుంటుందని గానాన్ని కొనియాడిన సూక్తిలోనే ఒక హెచ్చరిక దాగి ఉంది. అనుమతి అడగకుండా శరీరం మీద పనిచేసే శక్తి లాలనకు ఎంత అనువైనదో పీడనకూ అంతే అనువైనది. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. బందీ నుండి లాక్కోవడానికి మిగిలిన చివరి ఏకాంతాన్ని కూడా ధ్వని భేదించగలదు.

రెండవ పూర్వపక్షం: సంగీతం కేవలం పనిముట్టు

మొదటి వాదం వీగిపోగానే రెండవ వాదం ముందుకు వస్తుంది. కత్తి కూరలు కోయగలదు, గొంతూ కోయగలదు, సంగీతమూ అంతే, దానికి తనదంటూ విలువ లేదు. పైకి నిష్పాక్షికంగా కనిపించే ఈ వాదం కూడా చరిత్ర ముందు నిలువదు. సంగీతం కేవలం పనిముట్టు అయితే సైనిక పాలన వాద్యాలను చూసి ఎందుకు భయపడింది?

కేనా, చరాంగో మోగినంత మాత్రాన అందులో రాజకీయ సందేశం ఉండదు. వాటికి మాటలే లేవు. అయినా కుట్ర తరువాత రేడియోలో, టెలివిజన్‌లో ఆ వాద్యధ్వని వినిపించకుండా పోయింది. అవి అయ్యెందే కాలపు ఆశలతో పెనవేసుకుని ఉండటమే అందుకు హేతువు. ఈ పరిస్థితిలో బరోకో అందినో అనే బృందం ఒక విశిష్టమైన మార్గాన్ని కనుగొన్నది. ఆ బృందం బాఖ్ మొదలైన ఐరోపా స్వరకర్తల రచనలను ఈ ఆండీస్ వాద్యాలపై వాయించి, చర్చిలలో కచేరీలు చేసింది. బాఖ్ రచనలో తప్పు పట్టడానికి అధికారులకు ఏమీ దొరకలేదు. కానీ ఆ వేణునాదం చెవిన పడగానే శ్రోతలకు మరేదో స్ఫురించేది.

ఆనందవర్ధనుని పరిభాషలో చెప్పాలంటే ఇది ధ్వనికి ప్రత్యక్ష నిదర్శనం. వాచ్యం బాఖ్, వ్యంగ్యం నిషిద్ధమైన జ్ఞాపకం. శబ్దార్థాలను అదుపులో పెట్టగల ప్రభుత్వం వ్యంజనావ్యాపారాన్ని అదుపు చేయలేకపోయింది. వాద్యపు నాదగుణం సైతం ఒక సమాజపు అనుభవాన్ని మోయగలిగినప్పుడు, సంగీతాన్ని ఏ ముద్రా అంటని కత్తితో పోల్చడం సరికాదు.

లా సెరేనా నగరానికి చెందిన సంగీత దర్శకుడు హోర్హె పేన్యా హెన్ జీవితం కూడా ఈ విషయాన్నే బలపరుస్తుంది. ఆయన 1964లో అక్కడ బాలల సింఫొనీ వాద్యబృందాన్ని స్థాపించి, పేదపిల్లలకు వాద్యసంగీతం నేర్పాడు. ఆయన పిల్లలకు నేర్పినది ప్రధానంగా శాస్త్రీయ సంగీతం, నినాదగీతాలు కావు. అయినా 1973 అక్టోబరు 16న మరో పద్నాలుగుమందితో పాటు ఆయనను సైనికులు కాల్చి చంపారు. చెరలో ఉండగా కాల్చిన అగ్గిపుల్లల మసితో ఒక కాగితంపై ఆయన రాసుకున్న స్వరరచన మిగిలింది. చావు ముంగిట ఉన్న మనిషి అగ్గిపుల్లతో స్వరాలు రాసుకోవడాన్ని పనిముట్టు అన్న మాట వివరించలేదు.

సిద్ధాంతం: సహృదయునికి స్వేచ్ఛ అవసరం

సంగీతం తనంతట తాను మంచిదీ కాదు, ఏ విలువా లేనిదీ కాదు. ఈ రెండు వాదాలూ సంగీతాన్ని ఒక వస్తువుగా తీసుకొని, దానిలో విలువ ఉందా లేదా అని వెదికాయి. శ్రోతను లెక్కలోకి తీసుకోకపోవడమే వీటి లోపం. భారతీయ రససిద్ధాంతం ఈ లోపాన్ని ఏనాడో గుర్తించింది. రసం కావ్యంలో నిలువ ఉండే పదార్థం కాదు; సహృదయుని ఆస్వాదంలోనే దానికి ఉనికి.

నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి నిజసుఖాదివివశీభావం, అంటే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోయి ఎదుటి దృశ్యంపై మనసు నిలుపలేని స్థితి. ఈ విఘ్నాన్ని తొలగించడానికి ఆయన చెప్పిన ఉపాయాలలో గానమూ వాద్యమూ ముఖ్యమైనవి. సొంత వేదనలో చిక్కుకున్న మనసును దాని నుండి కొంతసేపు విడిపించి, అందరికీ సమానమైన అనుభవభూమికకు చేర్చడం సంగీతం చేసే పని. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణానికి ఇది ద్వారం తెరుస్తుంది.

ఈ వెలుగులో సాంతియాగో నిర్బంధ గృహాన్ని మళ్లీ చూస్తే అక్కడ జరిగిన దానికి ఒక నిర్దిష్టమైన పేరు పెట్టవచ్చు. వివశత్వానికి మందుగా చెప్పిన సంగీతాన్నే వివశత్వాన్ని కలిగించడానికి వాడారు. మనిషిని తన నొప్పి నుండి బయటికి తేవలసిన నాదం అతణ్ణి ఆ నొప్పిలోకే మరింతగా నెట్టింది. స్వరాలు అవే, తాళం అదే. కానీ సహృదయుడు అక్కడ లేడు, ఉండనివ్వలేదు. రసదృష్ట్యా అది సంగీతం కావడం మానివేసింది. అందుకే ఆ నేరాన్ని శరీరహింసగా మాత్రమే లెక్కించడం చాలదు. తరువాతి జీవితంలో ఒక పాట వినబడగానే బాధితులు మళ్లీ ఆ గదిలోకి వెళ్లిపోతే, వారి నుండి దోచుకున్నది ఆస్వాదించే శక్తినే. శ్రోతగా ఉండే హక్కును హరించడం కూడా మానవత్వాన్ని హరించడమే.

ఆక్షేపం: చెరలో స్వేచ్ఛ ఎక్కడిది?

ఆస్వాదానికి స్వేచ్ఛ అవసరమైతే బందీల గానాన్ని ఏమనాలి అన్న ఆక్షేపం ఇక్కడ తలెత్తుతుంది. అతకామా ఎడారిలో పాడుబడిన సురేకార గనుల ఊరు చకబూకోను సైన్యం నిర్బంధ శిబిరంగా మార్చింది. అక్కడ బందీ అయిన అంహెల్ పార్రా తోటివారితో ఒక బృందాన్ని కూర్చి గానం చేయించాడు. ఆ గానం రహస్యంగా టేపులకెక్కి శిబిరం దాటింది. ఇతర శిబిరాలలోనూ బందీలు పాటలు కట్టారు, బృందాలుగా పాడారు. ఆ గీతాలనూ వాటి వెనుక ఉన్న జ్ఞాపకాలనూ పరిశోధకులు నేడు భద్రపరుస్తున్నారు.

బందీకి బయటికి వెళ్లే స్వేచ్ఛ లేదు. అయితే పాడేవాడు తోటి బందీని ఒక మనిషిగా పిలిచాడు. వినేవాడు ఆ పిలుపును అందుకోవచ్చు, అందుకోకపోవచ్చు. సహృదయతకు కావలసిన కనీస స్వేచ్ఛ ఈ పిలుపు, ఈ అందుకోవడం మధ్యనే ఉంది. దానికి గోడలు లేని ప్రదేశం అక్కరలేదు. ఎదుటివాణ్ణి మనిషిగా గుర్తించే సంబంధం చాలు. హింసించేవాడు సంగీతాన్ని బందీ మీదికి వదిలాడు. అంహెల్ పార్రా దానిని బందీలకు అందించాడు.

ఒకే పాట విషయంలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. శిబిరాలలో బందీలచేత జాతీయగీతాన్ని బలవంతంగా పాడించేవారు. సైనికులను కీర్తించే చరణాన్ని కూడా పినోచెట్ ప్రభుత్వం అధికారిక గానంలో చేర్చింది. అదే గీతంలో, ఆ దేశం అణచివేతకు గురైనవారికి ఆశ్రయంగా నిలవాలన్న భావం ఒకటుంది. ఆ భావం వచ్చినచోట బందీలు గొంతు పెంచి పాడిన సందర్భాలను వారి జ్ఞాపకాలు నమోదు చేశాయి. ఆజ్ఞను అక్షరాలా పాటిస్తూనే, కాకువు ఒక్కదానితో ఆజ్ఞాపించినవానినే వారు నిలదీశారు. పాడక తప్పని స్థితిలో కూడా ఎలా పాడాలన్న స్వల్ప స్వేచ్ఛ మిగిలే ఉంది.

శాసించిన నృత్యం, ఒంటరి నృత్యం

క్వేకా చిలీ దేశపు జానపద నృత్యం. స్త్రీపురుషులు జంటగా, చేతిరుమాళ్లు ఊపుతూ, ఒకరిచుట్టూ ఒకరు తిరుగుతూ చేస్తారు. సైనిక ప్రభుత్వం 1979లో దానిని జాతీయ నృత్యంగా ప్రకటించింది. జానపద కళను గౌరవించడం తప్పు కాదు. కానీ అప్పటికే ఆ నృత్యానికి మరొక రూపం ఏర్పడి ఉంది. 1978 మార్చి 8న, అంతర్జాతీయ మహిళాదినాన, అదృశ్యమైన బందీల కుటుంబ సంఘానికి చెందిన స్త్రీలు సాంతియాగోలోని ఒక రంగశాలలో క్వేకాను ఒంటరిగా ఆడారు. గుండెపై అదృశ్యమైన ఆత్మీయుని ఛాయాచిత్రం ఉంది. ఎదుట ఉండవలసిన జోడు మాత్రం లేడు.

ఆ స్త్రీలు నృత్యంలో ఏమీ మార్చలేదు. అడుగులు అవే, రుమాలు అదే. మారినదల్లా ఒక స్థానం ఖాళీగా ఉండటమే. ఆ ఖాళీని పూరించే పని ప్రేక్షకునికి వదిలారు. లేని మనిషిని ఊహించుకోవడం ద్వారా ప్రేక్షకుడు సాక్షి అవుతాడు. సాక్షిగా ఉండాలో లేదో నిర్ణయించుకునే స్వేచ్ఛ మాత్రం అతనిదే. ప్రభుత్వ ఉత్తర్వు నృత్యాన్ని సంపూర్ణమైన జాతీయ చిహ్నంగా చూపదలచింది; ఒంటరి క్వేకా ఆ జాతిలో ఎవరు కనబడటం లేదో అడిగింది. ఈ నృత్యమే 1988 జనవాక్య సేకరణ వేళ పినోచెట్ వ్యతిరేక ప్రచారంలో టెలివిజన్ తెరపై దేశమంతటికీ కనిపించింది. ఆ అక్టోబరు 5న సుమారు 56 శాతం ఓటర్లు పాలన కొనసాగింపును తిరస్కరించారు.

సమ్మతి ఒక్కటే చాలునా?

ఈ సిద్ధాంతానికి ఒక హద్దు ఉంది. స్వేచ్ఛగా పాడి, స్వేచ్ఛగా వినే పాటలన్నీ ధర్మబద్ధమైనవి కావు. సైనిక పాలనను మనసారా సమర్థించినవారూ చిలీలో లక్షలమంది ఉన్నారు. సైనికులను కీర్తించే చరణాన్ని వారు ఇష్టపూర్వకంగానే పాడారు. కనుక శ్రోత సమ్మతి సంగీతం సంగీతంగా నిలవడానికి అవసరమైన నియమమే తప్ప, ఆ పాట చెప్పే మాట న్యాయమైనదనడానికి ప్రమాణం కాదు. ఆ మాటను సాధారణ ధర్మవిచారంతోనే తూచాలి. మహాజన గానంలోని ఉద్వేగం దానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

అయితే ఈ నియమం నుండి మరొక పరీక్షను రాబట్టవచ్చు: ఆ పాట పాడనివాడికి చోటు ఇస్తుందా? పాఠశాలలలోనూ, ప్రభుత్వ సభలలోనూ సైనికచరణం పాడక తప్పని స్థితి ఏర్పడినప్పుడు, దానిని ఇష్టంగా పాడేవారి గానం కూడా కలుషితమైంది. పక్కనున్నవాడు భయంతో పాడుతున్నాడో ప్రేమతో పాడుతున్నాడో తెలుసుకునే మార్గం వారికి లేకపోయింది. మౌనానికి శిక్ష ఉన్నచోట గానానికి విలువ ఉండదు. ఈ పరీక్షను ప్రభుత్వాలకే కాక ఉద్యమాలకు కూడా వర్తింపజేయాలి. పాటను విప్లవానికి అనివార్యం చేసిన నినాదం, పాడనివాణ్ణి విప్లవద్రోహిగా చూసే నినాదంగా మారకుండా ఉండటం ఆ ఉద్యమపు నైతిక బాధ్యత.

2019 అక్టోబరులో చిలీలో పెల్లుబికిన నిరసనల సందర్భంగా సాంతియాగో వీధులలో వేలాది గొంతులు, గిటార్లు కలిసి హారా గీతాన్ని ఆలపించాయి. శాంతితో జీవించే హక్కును గురించిన ఆ గీతం 1971 నాటిది. వియత్నాం ప్రజలను ఉద్దేశించినది. కొందరు కళాకారులు దాని మాటలను కాలానికి తగినట్లు మార్చి మళ్లీ రికార్డు చేశారు. మృతుడైన కవి అనుమతి అడగలేము గనుక ఇది ఒక చిక్కు ప్రశ్నే. అయినా మూలగీతమూ అందుబాటులోనే ఉంది, కొత్త గీతమూ ఉంది. వినేవారు రెండింటినీ పోల్చి తేల్చుకోవచ్చు. వియత్నాం రైతు పేరిట మొదలైన పిలుపు అర్ధశతాబ్ది తరువాత చిలీ పౌరునికి తన సొంత పిలుపుగా వినబడటం సాధారణీకరణానికి చరిత్ర అందించిన ఉదాహరణ.

పాట న్యాయస్థానానికి బదులు కాదన్నది కూడా ఇక్కడే చెప్పవలసిన మాట. చిలీ స్టేడియానికి 2003లో హారా పేరు పెట్టారు. కానీ అతని హత్యకు బాధ్యులైన మాజీ సైనికాధికారుల శిక్షలను ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం ఖరారు చేసింది 2023 ఆగస్టులో, అంటే దాదాపు 50 సంవత్సరాల తరువాత. ఆ యాభై ఏళ్లూ పాట జ్ఞాపకాన్ని నిలిపింది. తీర్పు మాత్రం సాక్ష్యాలతో, చట్టంతో రావలసి వచ్చింది. సంగీతానికి దాని శక్తికి మించిన పని అప్పగించడం కూడా దాని పట్ల ఒక విధమైన అన్యాయమే.

ముగింపు

చిలీ అనుభవం నుండి తేలేది ఇది. సంగీతపు నైతికత స్వరాలలోనూ లేదు, ప్రయోక్త ఉద్దేశంలో మాత్రమే కూడా లేదు. పాడేవారికీ వినేవారికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. ఆ సంబంధం వినేవారిని సహృదయులుగా గుర్తిస్తే చెరలోని పాట కూడా రసవంతమవుతుంది. వారిని కేవలం శరీరాలుగా చూస్తే మధురగీతం కూడా కొరడా అవుతుంది.

గేయసాహిత్య పరిశోధనకు దీనివల్ల ఒక కర్తవ్యం ఏర్పడుతుంది. ముద్రితమైన పాఠాన్ని, అందులోని వస్తుశిల్పాలను విశ్లేషించడంతో గేయపరిశీలన పూర్తికాదు. ఆ పాటను ఎవరు, ఎవరికి, ఏ స్థితిలో వినిపించారు? వినేవారికి లేచి వెళ్లిపోయే వీలుందా? పాడనివారికి ఏమి జరిగింది? ఈ ప్రశ్నలు ఇన్నాళ్లూ చరిత్రకారులవిగా, న్యాయవేత్తలవిగా ఉన్నాయి. సహృదయుణ్ణి రసానికి ఆశ్రయంగా భావించే అలంకారశాస్త్రానికి ఇవి పరాయివి కావు. ఆ సహృదయుడు స్వేచ్ఛగా ఉన్నాడో లేదో విచారించడం ఆ శాస్త్రం చేయవలసిన పనిలో భాగమే.